గీసిన గీత దాటని మహలు: బరోక్ రాజప్రాసాదాల ఎన్‌గ్రేవింగ్‌లను చదవడం ఎలా?

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు నేను పర్‌స్పెక్టివ్ డ్రాయింగ్, అంటే దగ్గరా దూరమూ తెలిసేలా గీయడం, నేర్పుతాను. ఏటా మొదటి నెలలోనే ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ మహలు ఎన్‌గ్రేవింగ్ (రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ) ఒకటి గోడకు పెడతాను. బరోక్ అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్‌లోని ఆడంబర శైలి. "అబ్బ, ఎంత పెద్దదో!" అంటారు అందరూ. అర నిమిషం చూసి తల తిప్పేస్తారు. నాకు మాత్రం అసలు పాఠం ఆ "ఎంత పెద్దదో" దగ్గరే మొదలవుతుంది. సరిగ్గా ఆ మాట మన నోట రావాలనే దాదాపు 350 ఏళ్ళ కిందట ఒక మనిషి రాగిరేకు మీదికి వంగి రోజుల తరబడి కూర్చున్నాడు.

పెద్దల మాట జవదాటని మనిషిని "గీసిన గీత దాటడు" అంటాం. ఈ బొమ్మల్లో చెట్లు, నీళ్ళు, గుర్రాలు, సిపాయిలు, ఏవీ గీసిన గీత దాటవు. ఆ గీత ఎక్కడ పుట్టింది, ఎవరి కిటికీ కింద ఆగింది అన్నది కనిపెడితే బొమ్మ చదవడం వచ్చినట్టే. దానికి ఒక బొమ్మ, ఒక ట్రేసింగ్ కాగితం, ఓ గంట తీరిక చాలు. కావలసిన చరిత్ర దారిలో నేను చెబుతూ వస్తాను.

బొమ్మ సంపాదించడం

ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్లలో ఈ ఎన్‌గ్రేవింగ్‌లు పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి. ఊరి పేరు, చెక్కినవాడి పేరు రోమన్ లిపిలో కొట్టి వెతకండి. మొదటిసారి చేసేవాళ్ళకు ఆడమ్ పెరెల్ చెక్కిన వెర్సాయ్ బొమ్మల్లో ఏదైనా ఒకటి మంచిది. వాటిలో గీతలు స్పష్టంగా ఉంటాయి, కళ్ళకు శ్రమ ఉండదు. దాంతోపాటు ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్ చెక్కింది ఒకటి, ఝాన్ లెపోత్ర్ చెక్కింది ఒకటి దించి పెట్టుకోండి.

ఏ3 కాగితం మీద ప్రింటు తీయించండి. ఒక్క జాగ్రత్త. నేను మొదటిసారి తీయించినప్పుడు షాపులో కుర్రాడు నీటుగా ఉంటుందని అంచులన్నీ కత్తిరించి ఇచ్చాడు. బొమ్మ కింద ఉండే అక్షరాల వరస మొత్తం పోయింది. సగం సమాచారం ఆ వరసలోనే ఉంటుంది. అందుకే అంచులు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. ఒక పొడుగు స్కేలు, మామూలు పెన్సిలు, ఎర్ర పెన్సిలు, భూతద్దం కూడా దగ్గర పెట్టుకుంటే ఇక కూర్చోవచ్చు.

మొదట కింది వరస చదవండి

బొమ్మకేసి చూడకుండా ముందు కింది అంచు చూడండి. అక్కడ పొట్టి లాటిన్ మాటలు ఉంటాయి. "ఇన్వెనిట్" అంటే ఊహించినవాడు. "డెలినియావిట్" అంటే కాగితం మీద గీసినవాడు. "స్కల్ప్‌సిట్" అంటే రాగిరేకు మీద చెక్కినవాడు. "ఎక్స్‌కుడిట్" అంటే అచ్చు వేయించి అమ్మినవాడు. సాధారణంగా మొదటి మూడు నాలుగు అక్షరాలే వేసి చుక్క పెడతారు. ఒక్కోసారి నాలుగూ నాలుగు వేరే పేర్లు. ఒక్కోసారి అన్నీ ఒకడే. ఫ్రాన్స్ బొమ్మ అయితే "రాజుగారి అనుమతితో" అన్న మాట కూడా ఉండవచ్చు. ఆ బొమ్మను ఇంకెవరూ నకలు కొట్టి అమ్మకూడదని దానర్థం.

ఈ వరస ఎందుకంటే, బొమ్మ ఎవరి డబ్బుతో పుట్టిందో అక్కడే తెలుస్తుంది. పారిస్‌లో సెయింట్ ఝాక్ వీధి పొడవునా అచ్చుబొమ్మల దుకాణాలు ఉండేవి. పెరెల్ బొమ్మలు అలాంటి అంగళ్ళలో జనం కొనుక్కున్నవి. సిల్వెస్త్ర్ సంగతి వేరు. 1663లో అతన్ని రాజుగారి చిత్రకారుడిగా, చెక్కుడు పనివాడిగా నియమించారు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ రాజు భవనాలు, ఉత్సవాలు, విజయాలు అన్నిటినీ రాగిరేకుల మీదికి ఎక్కించే పెద్ద పథకం ఒకటి పెట్టాడు. దానికి "కాబినె దు రువా" అని పేరు. ఆ బొమ్మలను సంపుటాలుగా కుట్టి రాయబారులకు, పరాయి రాజులకు కానుకగా పంపేవారు. వెర్సాయ్‌కు ఎన్నడూ రాని రాజు కూడా తన బల్ల మీదే ఆ మహలును విప్పి చూసుకోవాలి, తన కోట చిన్నదని అతనికే తోచాలి. ఆ మహలుకు కాగితమే ఒక దూత.

ఆ తర్వాతి శతాబ్దంలో ఇవే దృశ్యాలకు రంగులు పూసి, అద్దమూ భూతద్దమూ బిగించిన పెట్టెలో చూపించేవారు. మన జాతరల్లో బయస్కోపు పెట్టె లాంటిదే అనుకోండి. మహలు అలా రాజుల బల్లల మీది నుంచి సంతల దాకా దిగింది.

కన్ను ఎక్కడుందో వెతకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. దీనికి సగం గంట ఇచ్చినా తప్పులేదు.

ట్రేసింగ్ కాగితాన్ని బొమ్మ మీద పరిచి క్లిప్పులు పెట్టండి. మీ వైపు నుంచి లోపలికి పోతున్న గీతలన్నిటినీ వెతకండి: పక్క భవనాల కప్పు అంచు, కిటికీల వరస, చెట్ల వరస, కాలిబాట అంచు. ఒక్కో గీత మీద స్కేలు పెట్టి పెన్సిలుతో లోపలికి పొడిగించండి. నాలుగైదు గీతలు గీసేసరికి అవన్నీ ఒక చుక్క దగ్గరికి పరుగెత్తడం మీకే కనిపిస్తుంది. ఆ చుక్క మీద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టండి. డ్రాయింగ్‌లో దాన్ని వానిషింగ్ పాయింట్ అంటాం. చూసేవాడి కన్నుకు సరిగ్గా ఎదురుగా ఉండే చోటు అది.

ఇప్పుడు ఆ సున్నాలో ఏముందో చూడండి. ఎదుటి నుంచి నేరుగా గీసిన మహలు బొమ్మల్లో అది నడిమి ద్వారం మీదో, దాని పైన ఉన్న కిటికీ మీదో పడుతుంది. అంటే బొమ్మలోని ప్రతి రాయీ, ప్రతి చెట్టూ వేలెత్తి ఆ ఒక్క చోటునే చూపిస్తున్నాయన్నమాట. "రాజు ఇక్కడున్నాడు" అని పలక రాయాల్సిన పనే లేదు.

ఇంకో సంగతి. ఆ చుక్క గుండా అడ్డంగా ఒక గీత గీయండి. అది మీ కంటి ఎత్తు. బొమ్మలో ముందు భాగంలో నిలబడ్డ మనుషుల తలలు ఆ గీతకు తగులుతున్నాయా, బాగా కిందున్నాయా? తగిలితే మీరు నేల మీద, వాళ్ళ మధ్య నిలబడి చూస్తున్నారు. వాళ్ళ తలలు బాగా కిందుంటే మిమ్మల్ని గాల్లోకి ఎత్తి చూపిస్తున్నారు. మనిషి బెలూనెక్కి ఆకాశంలోకి వెళ్ళింది 1783లో. అంతకు వందేళ్ళ ముందే చిత్రకారులు నేల కొలతలు తీసుకుని, లెక్క ప్రకారం పైనుంచి చూసినట్టు గీసేవారు. ఎవరూ చూడని చోటు నుంచి అన్నిటినీ ఒకేసారి చూడటమంటే అది దేవుడి చూపు, లేదంటే ఆ నేల మొత్తానికీ యజమాని అయినవాడి చూపు. బొమ్మ కొన్నవాడికి ఆ చూపును కాసేపు అరువిస్తారు.

ఈ మెట్టు బాగా అలవాటు కావాలంటే లెపోత్ర్ 1676లో చెక్కిన ఒక బొమ్మ తీసుకోండి. 1674 వేసవిలో వెర్సాయ్ పాలరాతి ముంగిట్లో స్వరకర్త లుల్లీ సంగీతరూపకం "అల్సెస్త్" ఆడారు. బొమ్మలో ఆ రాత్రి దృశ్యం ఉంటుంది. మహలు ముఖభాగమే రంగస్థలం తెర. రాజు చోటు ప్రేక్షకుల నడిమధ్యన. దాని మీద కూడా ఇలాగే గీతలు పొడిగించి చూడండి. ఆ కాలపు రాజాస్థాన నాటకశాలల్లో పరదాల పర్‌స్పెక్టివ్ ఒక్క ఆసనం నుంచి మాత్రమే చక్కగా కుదిరేలా గీసేవారు. అది రాజు ఆసనం. పక్కన కూర్చున్నవాళ్ళకు బొమ్మ కొంచెం వంకరగా కనిపించేది. ఎవరికి ఎంత వంకరగా కనిపిస్తే రాజుకు వాళ్ళు అంత దూరమని అర్థం. నాకు తెలిసినంతలో అధికారాన్ని ఇంత కచ్చితంగా కొలిచి చూపిన సాధనం ఇంకొకటి లేదు.

వెర్సాయ్ జంతుశాల బొమ్మ దొరికితే అదీ చూడండి. నడుమ ఎనిమిది పలకల మండపం, దాని చుట్టూ విసనకర్ర పుల్లల్లా ఏడు దొడ్లు. మండపం బాల్కనీలో నిలబడి ఒక్క చుట్టు తిరిగితే అన్ని జంతువులూ కనిపిస్తాయి. చూసేవాడి చోటు మారదు, చూడబడేవి మాత్రం చుట్టూ సర్దుకుని ఉంటాయి. అక్కడి తోటలకూ ఊరికీ కూడా పథకం ఇదే.

కాగితాన్ని నిలువుగా మడవండి

ఎదుటి నుంచి గీసిన బొమ్మ తీసుకుని, దాని నకలును ఆ ఎర్ర సున్నా గుండా నిలువుగా మడిచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఎడమవైపు కిటికీలు కుడివైపు కిటికీల మీద దాదాపుగా కూర్చుంటాయి. మడత పడిన చోటే నడి గీత.

వెర్సాయ్‌లో ఈ నడి గీత కథ నాకు చాలా ఇష్టం. ఊరి వైపు నుంచి మూడు వెడల్పాటి రోడ్లు వచ్చి మహలు ముందు మైదానంలో కలుస్తాయి. నడిమిది పారిస్ నుంచి వచ్చే రోడ్డు. అక్కడి నుంచి మహలు వైపు నడిస్తే ముంగిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఇరుకవుతూ పోతాయి: ఆయుధాల మైదానం, గౌరవ ప్రాంగణం, రాచ ప్రాంగణం, చిట్టచివర చిన్న పాలరాతి ముంగిలి. మన గుళ్ళో ప్రాకారాలు దాటుకుంటూ ధ్వజస్తంభం దాకా వెళ్ళి గర్భగుడిలోకి తొంగిచూసిన అలవాటున్న కంటికి ఈ ఇరుకు వెంటనే అర్థమవుతుంది. ఒక్కో గడపా కొందరిని ఆపుతుంది. మర్యాదగా బట్టలు కట్టుకుని టోపీ పెట్టుకుని, నడుముకు కత్తి ఉన్న మగవాడిని మహల్లోకి రానిచ్చేవారు. కత్తి లేనివాళ్ళకు ద్వారం దగ్గరే అద్దెకిచ్చేవారు. కానీ రాచ ప్రాంగణంలోకి బండితో సహా పోగలిగే గౌరవం కొద్దిమందికే ఉండేది. మీ బొమ్మలో గుర్రపు బండ్లు ఏ ముంగిట్లో ఆగి ఉన్నాయో గుర్తించండి. చెక్కినవాడికి ఆ తేడా తెలుసు.

ఆ పాలరాతి ముంగిలి పదమూడో లూయీ కాలపు పాత వేటమందిరానిది. 1623లో మొదట కట్టి, 1631-34లో తండ్రే తిరిగి పెద్దదిగా కట్టించిన ఆ ఇంటిని కొడుకు పద్నాలుగో లూయీ కూలగొట్టించలేదు. చుట్టూ కొత్త మహలు పెంచుతూ పోయాడు. 1701లో పద్నాలుగో లూయీ తన పడకగదిని సరిగ్గా ఈ ముంగిలి నడిమధ్యకు, మేడ మీదికి మార్చుకున్నాడు. ఆ కిటికీలు తూర్పు ముఖం. రాజు పొద్దున లేవడం కొలువు మొత్తం హాజరయ్యే ఒక తంతు. ఉదయించే సూర్యుడు, లేచే రాజు, ఊరి నుంచి వచ్చే రోడ్డు, మూడూ ఒకే గీత మీద ఉండేవి. అదే గీత మహలును చీల్చుకుని అవతలికి పోయి, తోట దాటి, 1,670 మీటర్ల పెద్ద కాలువ పొడవునా సాగి పడమటి ఆకాశంలో కలుస్తుంది.

గీతను భూతద్దంలో చూడండి

ఇక్కడ భూతద్దం తీయండి. ఒక కిటికీ అంచును, దాని పక్కనే నడుస్తున్న ఒక మనిషిని కలిపి చూడండి.

రాగిరేకు పని ఇలా జరిగేది. రేకును నునుపుగా తోమి, మైనం లాంటి పూత పూసి, పొగ పట్టించి నల్లగా చేస్తారు. దాని మీద సూదితో గీస్తే ఆ మేర పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. ఆసిడ్ పోస్తే బయటపడ్డ రాగినే తింటుంది. దూరంగా, పలచగా కనిపించాల్సిన గీతలను కాసేపు తిననిచ్చి, తర్వాత వాటి మీద మళ్ళీ పూత కప్పేస్తారు. దగ్గరున్న వాటిని ఇంకా లోతుగా తిననిస్తారు. చివర్లో బురిన్ అనే సన్న ఉలితో ముఖ్యమైన గీతలను చేత్తో చెక్కి పదును పెడతారు. రేకంతా సిరా పూసి పైపైన తుడిచేస్తే గాడుల్లో మాత్రమే సిరా మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలరు ప్రెస్సులో నొక్కితే బొమ్మ దిగుతుంది. కాగితం చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు కూడా దిగుతుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై పడుతుంది కాబట్టి అక్షరాలు సహా అన్నీ తిరగేసి చెక్కాలి. 1645లో అబ్రహాం బోస్ పారిస్‌లో ఈ పనికి ఒక చేతిపుస్తకం వేశాడు. ఆసిడ్‌తో తినిపించిన గీత కూడా ఉలితో చెక్కినంత కట్టుదిట్టంగా కనిపించాలని అతని పట్టుదల.

ఇప్పుడు మళ్ళీ కిటికీని, మనిషిని చూడండి. కిటికీ గీతలు స్కేలుతో కొట్టినవి, గీతకూ గీతకూ మధ్య ఎడం సమానం. మనిషి గీతలు చేతివాటుగా పోయినవి: కొంచెం వంకర, కొంచెం వదులు. కుక్క తోక, మబ్బు, ముందున్న చెట్టు కొమ్మ కూడా అంతే. మహలుకు స్కేలు, మనుషులకు చెయ్యి. మీ ట్రేసింగ్ కాగితం మీద స్కేలుతో గీసిన భాగానికంతా ఎర్రగా, చేత్తో గీసిన దానికి మామూలు పెన్సిలుతో రంగు వేయండి. ఎర్రటి ప్రాంతం రాజుది.

నేల మీద కూడా జరిగింది ఇదే. మన ఊళ్ళో పునాదికి తాడు కట్టి ముగ్గు పోసినట్టే, తోటమాలి లెనోత్ర్ మనుషులు మేకులు దిగ్గొట్టి తాళ్ళు లాగి చెట్ల వరసలు నిలబెట్టారు. బురదనేలను చదును చేసి దాని మీద సరళరేఖ గీశారు. రాగి మీద స్కేలు చేసిన పనిని అడవి మీద తాడు చేసింది. అందుకే ఈ మహలుకు ఎన్‌గ్రేవింగ్ అంత చక్కగా అతికింది. ఎక్కువ రంగులున్న తైలవర్ణ చిత్రం కన్నా ఈ నలుపు తెలుపు బొమ్మే నాకు ఎక్కువ నిజం చెబుతుంది.

మనిషిని కొలవండి

తోట వైపు నుంచి గీసిన బొమ్మ ఒకటి, 1684 తర్వాతది, తీసుకోండి. మేడ మీద మధ్యలో అద్దాల మందిరం 17 కిటికీలతో ఉంటుంది. దాని పొడవు 73 మీటర్లు. మీ ప్రింటు మీద ఆ 17 కిటికీల పొడవు 73 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి 1.7 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక మిల్లీమీటరే ఉన్నాడంటే మనిషిని కుదించి మహలును పెంచారన్నమాట. ముందు భాగంలోని మనుషులను దీనికి వాడకండి. దగ్గరివాళ్ళు కాబట్టి వాళ్ళెలాగూ పెద్దగా ఉంటారు. గోడ పక్కవాళ్ళనే కొలవాలి.

కొలిచాక, వాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. వంగి దండం పెట్టేవాళ్ళు, వేలెత్తి మహలును చూపిస్తున్నవాళ్ళు, వరసగా నిలబడ్డ సిపాయిలు, ఆరు గుర్రాల బండి. వేలు చూపించేవాడు మీకోసమే ఉన్నాడు. మీరు ఎటు చూడాలో చెబుతున్నాడు.

ఏది లేదో రాసుకోండి

కాగితం పక్కన ఒక చిన్న జాబితా మొదలుపెట్టండి: ఈ బొమ్మలో లేనివి. నా క్లాసులో పిల్లలు దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

పనివాళ్ళు లేరు. 1685 మే నెలలో వెర్సాయ్‌లోనూ చుట్టుపక్కలా 36,000 మందికి పైగా పని చేస్తున్నారని అప్పటి కొలువులోని దాంజో తన దినచర్యలో రాసుకున్నాడు. ఒక నగరమంత జనం. మహలు ఎన్‌గ్రేవింగ్‌లలో వాళ్ళను వెతికితే దాదాపుగా కనిపించరు. కాలువలు తవ్వుతూ జ్వరాలతో పోయినవాళ్ళు అసలే కనిపించరు.

నీటి ఎద్దడీ లేదు. బొమ్మలో చూడండి, ఫౌంటెన్లన్నీ ఒకేసారి ఎగజిమ్ముతుంటాయి. నిజానికి వెర్సాయ్‌కు నీళ్ళు ఎప్పుడూ చాలలేదు. 1684లో సెన్ నది మీద మార్లీ దగ్గర 14 పెద్ద చక్రాలతో నీళ్ళు పైకి తోడే యంత్రం పెట్టినా కరువు తీరలేదు. ఫౌంటెన్ల పనివాళ్ళు ఏం చేసేవారంటే, రాజు ఒక మలుపు దగ్గరికి రాగానే ఈల వేసి అక్కడి కుళాయి తిప్పేవారు. ఆయన దాటిపోగానే కట్టేసి, తర్వాతి మలుపు వాళ్ళకు ఈల అందించేవారు. రాజు నడిచినంత మేరే నీళ్ళు. ఎన్‌గ్రేవింగ్‌లో మాత్రం ఎండాకాలం లేదు, ఈలలు లేవు, అన్ని చోట్లా నీరే. ఈ సంగతి తెలిశాక ఆ తెల్లటి నీటి ధారలను నేను మునుపటిలా చూడలేకపోయాను. ధార ఎగసిన ప్రతిచోటా పొద వెనక కుళాయి పట్టుకుని చెవులు రిక్కించి కూర్చున్న ఒక మనిషి నాకు కనిపిస్తాడు.

విగ్రహాల కథ అడగండి

తోట బొమ్మల్లో విగ్రహాలు ఊరికే ఉండవు. వెర్సాయ్ నడి గీత మీదే రెండు కొలనులున్నాయి. మహలుకు దగ్గరగా లటోనా కొలను. లటోనా సూర్యదేవుడు అపోలోకు తల్లి. దాహం తీర్చుకోబోతే ఎగతాళి చేసి నీళ్ళు కలియబెట్టిన పల్లెజనం కప్పలుగా మారిపోయిన కథ అది. బొమ్మను పెద్దది చేసి చూస్తే సగం మనిషి, సగం కప్పగా ఉన్నవాళ్ళ నోళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. దూరంగా, కాలువ మొదట్లో, ఝాన్-బతీస్త్ త్యుబీ చేసిన అపోలో రథం నీళ్ళలోంచి లేస్తుంటుంది. పద్నాలుగో లూయీ తన చిహ్నంగా సూర్యుణ్ణే ఎంచుకున్నాడు. తల్లిని అవమానించినవాళ్ళు కప్పలు, కొడుకు సూర్యుడు. చదువురాని వాళ్ళకు కూడా అందే భాష ఇది.

ఆ సూర్యరాజు నగల్లో మన నేల తునక కూడా ఒకటుంది. వర్తకుడు తవెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి తెచ్చి లూయీకి అమ్మిన నీలి వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని భావిస్తారు. 1673లో దాన్ని మళ్ళీ సానబట్టి రాజు ధరించేవాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

వేరే దేశం బొమ్మ పక్కన పెట్టండి

ఒక్క వెర్సాయ్ చూసి ఆగితే అధికారమంటే ఒకటే రూపమనిపిస్తుంది. 1707లో లండన్‌లో వచ్చిన "బ్రిటానియా ఇలస్ట్రాటా" దృశ్యాలు తీయండి. లెయొనార్డ్ నిఫ్ గీస్తే యోహానెస్ కిప్ చెక్కాడు. వీటిలో రాజుకన్నా జమీందారులే ఎక్కువ. పైనుంచి చూస్తే మహలుతో పాటు గాదెలు, కూరగాయల మళ్ళు, చేపల చెరువులు, అన్నీ వరసలో ఉంటాయి. బ్యాడ్‌మింటన్ మహలు నుంచి చెట్ల బాటలు నలువైపులా నక్షత్రంలా పొలాల మీదుగా సాగిపోతాయి. చుట్టుపక్కల పెద్దమనుషులు కొందరు ఆ బాటల చూపుకు అడ్డొచ్చిన తమ చెట్లను కొట్టించారనీ, కొందరు ఆ గీతకు కలిసేలా తమ గుట్టల మీద చెట్లు నాటించారనీ అప్పటి రచయిత రోజర్ నార్త్ రాశాడు. పరాయివాడి గీత తన పొలంలోకి వస్తే దాన్ని చెరపకుండా పొడిగించారు. అధికారం గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి!

వియన్నాలో యూజీన్ రాకుమారుడి బెల్వెడేర్‌ను సాలొమోన్ క్లైనర్ గీసిన వరస 1731 నుంచి అచ్చయింది. కింద ఒక మహలు, గుట్ట మీద ఇంకొకటి, నడుమ ఏటవాలు తోట. ఇక్కడ యజమాని రాజు కాదు, యుద్ధాలు గెలిచిన సేనాని. ఆ బొమ్మలకు కూడా కన్ను ఎక్కడుందో వెతికి చూడండి.

చివరగా, ఆ మహలు అసలు ఉందా?

ప్రతి బొమ్మనూ ఈ ప్రశ్న అడగండి. కొన్నిసార్లు జవాబు కాలాన్ని బట్టి ఉంటుంది. వెర్సాయ్ తోట వైపు మేడ మీద నడుమ భాగం లోపలికి తగ్గి, ఖాళీ డాబాలా కనిపిస్తే ఆ బొమ్మ 1678కి ముందరి మహలును చూపిస్తోంది. అది వాస్తుశిల్పి లెవో కట్టిన రూపం. ఆ డాబా మూసేసి అద్దాల మందిరం కట్టినవాడు అర్దువా-మాన్సార్. ఈ ఒక్క గుర్తుతో తేదీ వేయని బొమ్మ వయసు కూడా పట్టేయవచ్చు.

కొన్నిసార్లు జవాబు "లేదు" అని వస్తుంది. వాస్తుశిల్పి ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ 1721లో వియన్నాలో వేసిన పెద్ద గ్రంథంలో షోన్‌బ్రున్ మహలు మొదటి నమూనా ఉంది. 1690 ప్రాంతంలో గీసిన ఊహ అది. డెల్జెన్‌బాఖ్ చెక్కాడు. గుట్ట కింద ద్వారానికి అటూ ఇటూ రెండు ఎత్తైన స్తంభాలు, వాటి పైన గద్దలు. అక్కడి నుంచి మెట్లుమెట్లుగా పైకెక్కే డాబాలు, జలపాతాలు, బండ్లు తిరిగే వంపు దారులు. గుట్ట శిఖరాన ఆకాశాన్ని రెండుగా కోసేటంత వెడల్పుగా మహలు. కిటికీలు లెక్కపెట్టబోతే నేను రెండుసార్లు తప్పాను. అంత మహలులో ఒక్క రాయి కూడా ఎవరూ పేర్చలేదు. ఖర్చుకు తట్టుకోలేని ఊహ అది. తర్వాత గుట్ట కింద, అంతకన్నా చిన్న మహలును 1696లో మొదలుపెట్టారు. అయినా కాగితం మీది మహలు యూరప్ అంతా తిరిగింది, వియన్నాకు వెర్సాయ్‌ను మించాలనే కోరిక ఉందని చాటింది.

ఆ బొమ్మ దించుకుని కొత్త ట్రేసింగ్ కాగితం మీద నడి గీత, ఎర్ర సున్నా, అడ్డ గీత గీయండి. తర్వాత ఫోన్లో షోన్‌బ్రున్ శాటిలైట్ మ్యాప్ తెరవండి. మహలు మధ్యలోంచి తోట గుండా దక్షిణం వైపు నేరుగా వేలితో జరుపుకుంటూ వెళ్ళండి. పూలమళ్ళు దాటి, నెప్ట్యూన్ ఫౌంటెన్ దాటి గుట్ట ఎక్కుతారు. ఫిషర్ రాజమహలును నిలబెట్టాలనుకున్న ఆ శిఖరం మీద ఇప్పుడు గ్లోరియెట్ అనే తోరణాల మండపం కనిపిస్తుంది. 1775లో కట్టింది. లోపల పడకగది లేదు, సింహాసనం లేదు. కింద మహలు నుంచి బయల్దేరిన గీత ఆగడానికి ఒక చోటు ఉంది, అంతే.